రాగితీగకు మొదలు

మాస్టారు పోయారన్న కబురు గురువారం ఉదయం పదకొండింటికి వచ్చింది. అప్పుడు నేను హైదరాబాదులో మా ల్యాబు మెట్ల మీద నిలబడి, ఆదివారం బందరు వెళ్ళే బస్సులో నా సీటు నంబరు ఫోన్లో చూసుకుంటున్నాను. ఆ ఫోనే మోగింది. చేసింది గొలుసుల అత్తయ్య. మాస్టారి పక్కవాటాలో ఉంటుంది. అంతకుముందు ఆవిడ నాకెప్పుడూ ఫోన్ చెయ్యలేదు.

"అమ్మాయ్, మాస్టారు వెళ్ళిపోయారే," అంది. "పొద్దున్న కాఫీ తాగారు. గ్లాసు కింద పెట్టారు. అంతే."

నేనడిగిన మొదటి మాట చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది. ఎలా జరిగిందనీ అడగలేదు, ఎవరున్నారనీ అడగలేదు. "నా గురించి ఏమన్నా అన్నారా అత్తయ్యా?" అన్నాను.

"నువ్వు ముందు బయల్దేరమ్మా," అని పెట్టేసింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. గుడివాడలో ఆయన దగ్గర కెమిస్ట్రీ చదువుకున్నవాళ్ళకి రెండు పేరాలు చదివేసరికే తెలిసిపోతుంది. తెలియనివాళ్ళకి పేరుతో పని లేదు. "నా పేరెందుకమ్మా? నేను చెప్పింది తప్పో ఒప్పో చూడు, చాలు," అనేవారు. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు అందరూ వాళ్ళని దేవుళ్ళని చేసేస్తారు. మా మాస్టారు దేవుడేమీ కాదు. మొండిఘటం. దివిసీమ మనిషి, నాగాయలంక వైపు. ఒక మాట పట్టుకుంటే ఉడుంపట్టు. పదకొండున్నరకి అన్నం పెట్టకపోతే చిన్నపిల్లాడిలా అలిగేవారు. ఎంత తెలిసిన విషయమైనా "నాకు తెలుసు" అనేవారు కాదు, "నాకు అంతవరకే తెలుసు" అనేవారు. ఆ 'అంతవరకే' వింటే నాకు ఒళ్ళు మండేది. నాకు ముక్కు మీదే కోపం. అది మా ఇంట్లో అందరికీ తెలుసు, ఆయనకీ తెలుసు.

ఆయన నన్ను గుర్తుపెట్టుకోవడానికి కారణం ఒక టైట్రేషన్. డిగ్రీ మొదటి సంవత్సరం. బ్యూరెట్టు అనే గీతల గాజుగొట్టంలో యాసిడ్ పోసి, చుక్క చుక్క వదిలి, రంగు మారిన చోట అంకె రాసుకోవాలి. ఆ అంకె ఎంత వస్తుందో సీనియర్ల రికార్డుల్లో అప్పటికే ఉంటుంది. క్లాసంతా అది చూసి రాసేసింది. ముందురోజే నా స్నేహితురాలితో గొడవపడ్డాను కాబట్టి నాకు రికార్డు ఇచ్చేవాళ్ళు లేరు. గతిలేక బ్యూరెట్టు చూసి, ఉన్నది రాశాను. అందరికీ పది చిల్లర, నాకు పద్నాలుగు. నా పని అయిపోయిందనుకున్నాను.

మాస్టారు నా పుస్తకం పైకెత్తి, "ఇది చూసి రాశావా?" అన్నారు.

"చూశానండీ," అన్నాను.

"ఇవాళ యాసిడ్‌లో నేను నీళ్ళు కలిపాను," అన్నారు క్లాసు వైపు తిరిగి. "నలభై మందిలో ఒక్క పిల్ల బ్యూరెట్టు చూసింది. చూశాను అనేది చిన్న మాట కాదర్రా. ఆ మాట మీద అవతలివాడు ఇల్లు కట్టుకుంటాడు."

రికార్డు దొరక్కే చూశానని ఆయనకి చెప్పలేదు. ఆ రోజు నుంచి నేను 'చూశానండీ' అంటే ఆయన మళ్ళీ చూసేవారు కాదు. నా రికార్డు తెరవకుండానే సంతకం పెట్టేవారు.

తర్వాత నేను హైదరాబాదులో పరిశోధనకి చేరాను. ఆయన రిటైరయ్యి బందరులో చిలకలపూడికి మారారు. భార్య పోయారు, పిల్లలు లేరు. నీటికాసులొచ్చి చూపు మెల్లమెల్లగా పోతోంది. మొదటిసారి చూడ్డానికి వెళ్ళినప్పుడు, "ఏం చేస్తావమ్మా అక్కడ?" అని అడిగారు. చక్కెర అంటించే ఎంజైముల పుట్టుక మీద పని చేస్తున్నానని చెప్పాను.

ఆ మాట వింటే ఎవరైనా మిఠాయి కొట్టు అనుకుంటారు. నిజానికి ప్రతి జీవకణంలోనూ ఇవి ఉంటాయి. ఒక చక్కెర ముక్కని మోసుకొచ్చే అణువు నుంచి తీసి, ఇంకొకదానికి అంటిస్తాయి. చెట్టుకి పీచు కట్టేదీ ఈ జాతే. నా రక్తం గ్రూపు 'ఎ', మా అన్నయ్యది 'బి' అని తేల్చేదీ ఈ జాతే. ఎంజైమంటే పూసలు గుచ్చిన పొడవాటి దండ, అది మడతలు పడి ఒక ఆకారంలో నిలబడుతుంది. ఎ గ్రూపు ఎంజైముకీ బి గ్రూపు ఎంజైముకీ తేడా నాలుగంటే నాలుగే పూసలు. పూసల క్రమం చూసి కుటుంబాలుగా విడగొడితే నూటికి పైగా కుటుంబాలు తేలాయి, ఒకదానికొకటి ఏమీ కాదన్నట్టు కనిపించాయి. తీరా ఆకారాలు తీసి చూస్తే, వాటిలో చాలావరకు రెండే రెండు అచ్చులు. ఒకటి ఒకే ముద్దగా ఉండి పక్కన గుంటలో చక్కెరని పట్టుకుంటుంది. రెండోది రెండు ముద్దలు ఎదురెదురుగా ఉండి మధ్య సందులో పట్టుకుంటుంది. కణం పొరలో దిగబడి ఉండే మూడో రకం ఒకటుంది, దాని కథ వేరు.

ఇదంతా నేను గుక్క తిప్పుకోకుండా చెబితే మాస్టారు నవ్వారు. "ఇంతేనా? బస్సులో పక్క సీటువాడు ముందు ఇంటిపేరు అడుగుతాడు. ఇంటిపేర్లు కలవకపోతే గోత్రం అడుగుతాడు. నీ పూసల క్రమం ఇంటిపేరు, ఆకారం గోత్రం. ఇంటిపేరు త్వరగా మారిపోతుంది, గోత్రం అంత త్వరగా మారదు."

"అంతేనండీ," అన్నాను సంబరంగా.

"కానీ జాగ్రత్తమ్మా. గోత్రం కలిసిందని అన్నదమ్ములైపోరు. ఆకారం అనుమానం వరకే. సాక్ష్యం ఇంకెక్కడో ఉంటుంది."

ల్యాప్‌టాప్ తెరిచి బొమ్మ చూపించబోయాను. ఆయన తెర వైపు కాకుండా కిటికీ వైపు చూస్తున్నారు. "నాకు కనపడదు. చేతికివ్వు," అన్నారు.

అలా మొదలయ్యాయి రాగితీగలు. చిలకలపూడి అంటే రోల్డ్‌గోల్డ్ నగల ఊరు. గొలుసుల అత్తయ్య ముప్పై ఏళ్ళుగా ఇంట్లో కూర్చుని ఆ గొలుసులకి లింకులు అల్లుతోంది. ఆవిడ దగ్గర తీగ ఉంది, పట్టకారు ఉంది, కళ్ళున్నాయి. మాస్టారు ఒక చిన్న ఇత్తడి చట్రం చేయించారు, దాని మీద డిగ్రీల గీతలు. ఒక్కో పూసకి ఒక సెంటీమీటరు తీగ. ఎంత వంచాలి, ఎంత తిప్పాలి అని రెండు అంకెల చొప్పున నేను పట్టీ రాసి పంపిస్తే, ఆవిడ ఒక్కో మెలికా వంచుతూ మూడు రోజుల్లో ఒక ఎంజైము తయారు చేసేది. మొదలు ఎక్కడో తెలియడానికి, కొస గుచ్చుకోకుండానూ, మొదట్లో చిన్న సున్నా చుట్టేది. మాస్టారు చూపుడువేలు ఆ సున్నా దగ్గర పెట్టి చివరిదాకా తడుముకుంటూ వెళ్ళేవారు. "దీని నడుం బాగుంది," "ఇదిగో ఇక్కడ తోక అనవసరంగా పెరిగింది," అనేవారు. ఒకసారి ఎ గ్రూపు ఎంజైము తడిమి, అది ఏ మడత తర్వాత ఏ మడతో పట్టీ లేకుండా చెప్పారు. నేను తెర మీద చూస్తూ తడబడ్డాను.

"మాస్టారు నాచేత పురుగులకి నగలు చేయిస్తున్నారే," అనేది అత్తయ్య నాతో. ఆవిడకి గర్వంగానే ఉండేది.

ఇక నా ఎంజైము. నాగాయలంక అవతల మడ అడవుల బురదలో దొరికిన ఒక సూక్ష్మజీవిది. దాని ఆకారం మా ల్యాబులోనే తీశాం. చక్కెర పట్టే గుంట మొదటి అచ్చులో ఉన్నట్టే ఉంది. మిగతా సగం రెండో అచ్చుని గుర్తుకుతెచ్చింది. నాకు నిద్రపట్టలేదు. ఆ రెండు పెద్ద వంశాలూ విడిపోకముందు ఉన్న తాత ఎలా ఉండేవాడో చెప్పే దగ్గరి మనవడు మా దివిసీమ బురదలో దొరికాడని నా వాదన. నా థీసిస్ అంతా దాని మీదే నిలబడింది. మా గైడు అప్పటికే రెండు సమావేశాల్లో ఆ సంగతి చెప్పేశారు.

ఆ పోలిక ఎలా తేల్చానో చెప్పాలి. రెండు ఆకారాలని ఒకదాని మీద ఒకటి పెట్టి చూసే ప్రోగ్రాములున్నాయి. అందులో రెండు పద్ధతులు. ఒకటి క్రమం కూడా చూస్తుంది. అంటే తీగ ఏ మడత తర్వాత ఏ మడతలోకి వెళ్ళిందో అదీ కలవాలి. రెండోది క్రమం పట్టించుకోదు, మడతలు ఎక్కడెక్కడున్నాయో అంతవరకే. ఒక బస్సు బందరు నుంచి పెడన మీదుగా గుడివాడ వెళ్తుంది. ఇంకోటి పెడనలో బయల్దేరి బందరు వచ్చి గుడివాడ వెళ్తుంది. ఊళ్ళు ఒకటే, తిరిగిన దారి వేరు. రెండూ ఒకటే బస్సు అంటే కండక్టరు నవ్వుతాడు. నేను మొదట క్రమం చూసే పద్ధతిలోనే పోల్చాను. కుదర్లేదు. రెండో పద్ధతిలో పోల్చాను. అద్భుతంగా కుదిరింది. మొదటిదాని ఫైలు పక్కన పెట్టేశాను. తుడిచెయ్యలేదు, ఎవరికీ చూపించనూ లేదు.

మొన్నటి వేసవిలో నా ఎంజైముదీ, మొదటి అచ్చుకి చెందిన పాత ఎంజైముదీ రెండు తీగలూ సిద్ధమయ్యాయని మాస్టారు ఫోన్ చేశారు. మెచ్చుకుంటారని ఎగురుకుంటూ వెళ్ళాను.

ముందుగది. మిట్టమధ్యాహ్నం. కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయింది. మాస్టారు రెండు తీగల్నీ ఒళ్ళో పెట్టుకుని ఒక్కో చేత్తో ఒక్కోదాన్ని మొదట్నుంచీ తడుముతున్నారు. రెండు చూపుడువేళ్ళూ కలిసి నడుస్తున్నాయి. మూడో మడత దగ్గర కుడిచెయ్యి ఇటు తిరిగింది, ఎడమచెయ్యి అటు పోయింది. మళ్ళీ సున్నాల దగ్గరికి వచ్చారు. మళ్ళీ అక్కడే విడిపోయాయి.

"అమ్మాయ్, పైకి రెండూ ఒకటే. నడక వేరు," అన్నారు.

నేను పక్కన పెట్టిన ఫైలు చెప్పిందీ అదే. అది కప్పిపుచ్చుకోవడానికి కోపం తెచ్చుకున్నాను. కోపానికి దొరికిన మనిషి గుమ్మంలో కూర్చున్న అత్తయ్య.

"తీగ తప్పు వంచుంటారండీ," అన్నాను. "అంత పెద్ద పట్టీలో ఎక్కడో లెక్క తప్పుంటుంది. ఇది గొలుసు అల్లడం కాదు కదా."

అత్తయ్య ముఖం నల్లబడింది. లేచి ఇత్తడి చట్రం తెచ్చి మా మధ్యన పెట్టింది. "చదువమ్మా, చూద్దాం," అంది.

నేను అంకెలు చదువుతున్నాను. వంపు, తిప్పు. వంపు, తిప్పు. ఆవిడ ఒక్కో మెలికా చట్రంలో పెట్టి "ఆఁ" అంటోంది. గంటన్నర. చెమట కారిపోతోంది. ఒక్కచోట తప్పు దొరికితే చాలని నేను మొక్కుకోని దేవుడు లేడు. పరాయి మనిషి చేతిపని తప్పవ్వాలని అంతగా కోరుకున్న రోజు నా జీవితంలో ఇంకోటి లేదు. నూట ఎనభై మెలికలు దాటాక ఆవిడ ఆగింది.

"ఇది ఓ రెండు డిగ్రీలు ఎక్కువ తిరిగిందేమోనే."

"అదిగో! చెప్పానా?" అని అరిచాను.

"రెండు డిగ్రీలకి దారి మారదమ్మా," అన్నారు మాస్టారు మెల్లగా. "కానివ్వండి."

చివరి మెలిక కూడా సరిపోయింది. తీగలో తప్పు లేదు. అత్తయ్య చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మాస్టారు ముఖం నా గొంతు వచ్చే వైపు తిప్పారు. ఆ కళ్ళకి నేను కనపడనని తెలుసు, అయినా తల దించుకున్నాను.

"క్రమం చూసే పద్ధతిలో పోల్చావా?"

ఆ ఒక్క క్షణంలో నిజం చెప్పి ఉంటే ఈ వ్యాసం నేనిలా రాసేదాన్ని కాదు. పోల్చానండీ, కుదర్లేదు, దాచాను. ఇంతే మాటలు. అవి నోటిదాకా వచ్చాయి. గైడు గుర్తొచ్చారు, రెండు సమావేశాలు గుర్తొచ్చాయి, నాలుగేళ్ళు గుర్తొచ్చాయి.

"చూశానండీ. కుదిరింది," అన్నాను.

మాస్టారు ఇంకేమీ అడగలేదు. బొటనవేలితో తన మిగతా నాలుగు వేళ్ళ కొసల్నీ ఒక్కొక్కటిగా తడుముకున్నారు. "అయితే నా వేళ్ళకి కూడా నీటికాసులొచ్చాయేమో," అన్నారు నవ్వుతూ.

అత్తయ్య నాకోసం దోసకాయ పప్పు చేసి ఉంచింది. బస్సుకి టైమైందని తినకుండా వచ్చేశాను. బస్సుకి ఇంకా రెండు గంటలుంది. స్టాండులో బెంచీ మీద కూర్చున్నాను.

హైదరాబాదు వచ్చిన నాలుగో రోజున ఆ ఫైలు బయటికి తీశాను. అందులో అంకె మారలేదు, మారదు కూడా. గైడు గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన ల్యాప్‌టాప్ మూసేశారు. "ఇప్పుడా చెప్పేది?" అన్నారు. అరుస్తారనుకున్నాను. అరిస్తే బాగుండేది. "తాత లేడు, మనవడు లేడు. తీసెయ్. ఉన్నది రాయి," అన్నారు.

ఉన్నది రాశాను. చక్కెరని పట్టుకోవడానికి పనికొచ్చే గుంట ఒకటే అయినా, అక్కడికి రెండు వంశాలు రెండు దారుల్లో విడివిడిగా వచ్చి చేరాయి. చుట్టరికం వల్ల కాదు, పని ఒకటే కాబట్టి. నిజానికి అదీ తక్కువ సంగతేం కాదు. ల్యాబులో ఎవరో "నీ నిజాయితీని మెచ్చుకోవాలి" అన్నారు. చెంప పగలగొట్టాలనిపించింది, వాళ్ళదో నాదో తెలియలేదు.

గైడుకి చెప్పగలిగాను. మాస్టారికి చెప్పలేకపోయాను. గైడు నన్నెప్పుడూ పూర్తిగా నమ్మలేదు, అందుకని ఆయన ముందు ఒప్పుకోవడం తేలికైంది. నా మాట మళ్ళీ చూసుకోని మనిషి ఒక్కరే. ఆ మనిషికి ఫోన్లో ఎలా చెప్పను? ఎదురుగా కూర్చుని చెప్పాలనుకున్నాను. వచ్చే ఆదివారం అనుకున్నాను. ఆ ఆదివారం ఇంకో ఆదివారమైంది. ఆయన ఫోన్ రెండుసార్లు వచ్చింది, తియ్యలేదు. మూడోసారి రాలేదు. ఎట్టకేలకు టికెట్టు కొన్నాను. కబురు వచ్చింది సరిగ్గా అప్పుడే.

శుక్రవారం నేను బందరు చేరేసరికి దహనం అయిపోయింది. శ్మశానంలో బూడిద తడిసి ఉంది. ఇంట్లో మాస్టారి మేనల్లుడు గది సర్దిస్తున్నాడు. మంచం నిలబెట్టేశారు. గోడకి తీగలు వేలాడే మేకులు ఖాళీగా ఉన్నాయి.

"ఆ రాగితీగలేవండీ?" అన్నాను.

"అవా? అన్నీ గోతాంలో వేయించేశానండీ. ఇందాకే పాతసామాన్లవాడు పట్టుకెళ్ళాడు," అన్నాడు. పాపం అతని తప్పేముంది? అవేంటో అతనికి ఎవరు చెప్పారు?

వీధిలోకి పరిగెత్తాను. ఎటు వెళ్ళాడో తెలియదు. చెప్పులు కూడా వేసుకోలేదు. మలుపు దాకా వెళ్ళి, అక్కడ ఎవరూ కనపడక, వెనక్కి వస్తుంటే అత్తయ్య తన వాటా గుమ్మంలో నిలబడి ఉంది. రమ్మని చెయ్యూపింది.

ఆవిడ గదిలో దండెం మీద పనికిచ్చిన గొలుసులు కట్టలు కట్టలుగా వేలాడుతున్నాయి. వాటి వెనక నుంచి ఒక తీగ తీసింది. నా ఎంజైము. "వీళ్ళు పారేస్తారని నిన్ననే తెచ్చి దాచాను," అంది. "మిగతావి నా వల్ల కాలేదమ్మా."

చేతిలోకి తీసుకున్నాను. తడమగానే ఏదో తేడా తెలిసింది. నున్నటి తీగ మీద అక్కడక్కడా గరుకు. అతుకులు. సున్నా కోసం వెతికితే సున్నా లేదు. రెండు కొసలూ కోసినవి కోసినట్టే వాడిగా ఉన్నాయి. ఒకటి నా వేలికి గుచ్చుకుంది.

"ఇదేంటి అత్తయ్యా, ఇలా అయింది?"

అత్తయ్య పీట మీద కూర్చుంది. నన్నూ కూర్చోమంది.

"నువ్వెళ్ళిన మర్నాడే నన్ను పిలిచారే. 'చెల్లెమ్మా, ఆ పిల్ల చూశానంది. చూడకుండా చూశాననే పిల్ల కాదు. అంటే దారులు కలవాలి. కలిసే చోటు మనకే అందట్లేదు,' అన్నారు. నేనన్నాను, పోనీండి మాస్టారూ, మనకెందుకండీ అని. వింటేనా! 'ఒక్కోసారి మొదలూ చివరా అతుక్కుపోయి, మధ్యలో ఇంకెక్కడో తెరుచుకుంటుంది చెల్లెమ్మా, సృష్టిలో అదీ ఉంది. అప్పుడు దారి కొత్తగా కనపడుతుంది, మనిషి మాత్రం పాతవాడే,' అన్నారు. ఆ సున్నా కత్తిరించి, కొసలు రెండూ కలిపి అతకమన్నారు. ఇంకోచోట కొయ్యమన్నారు. కోశాను. వేళ్ళతో మొత్తం చూశారు. కలవలా. మళ్ళీ అతికి ఇంకోచోట కొయ్యమన్నారు."

"ఎన్నిసార్లు?"

"ఏడు. ఒక్కోదానికి రెండేసి రోజులు తడిమేవారు. వేళ్ళు పుళ్ళు పడితే కొబ్బరినూనె రాసుకునేవారు. రెండుసార్లు నీకు ఫోన్ చేశారు, ఎక్కడ కొయ్యాలో నిన్నే అడుగుదామని. నువ్వు తియ్యలేదు. 'పనిలో ఉంటుంది, పాపం,' అన్నారు. బుధవారం సాయంత్రం ఏడోది చూశారు. 'ఇదీ కాదు. రేపు ఎనిమిదోది చూద్దాం,' అన్నారు." ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నీ గురించి ఏమన్నా అన్నారా అని అడిగావు కదా. అదే అన్నారు. నీ మాటే నిజం చెయ్యాలనుకున్నారమ్మా."

నాకు ఏడుపు రాలేదు. ఆయన నామీద గెలవాలనుకున్నారని ఇన్ని రోజులూ లోపల్లోపల ఉడికిపోయాను. ఆయనేమో నన్ను గెలిపించడానికి వేళ్ళు అరగదీసుకున్నారు. నేను ల్యాబులో తప్పు దిద్దుకుని తేలికపడి తిరుగుతుంటే, ఇక్కడ ఆ తప్పుకి దారి వెతుకుతూ ఒక గుడ్డిమనిషి తన చివరి రోజులు ఖర్చు పెట్టేశారు.

అత్తయ్య అలమారలోంచి కుంకుమ భరిణె లాంటి చిన్న డబ్బా తీసింది. మూత తీసి నా అరచేతిలో వంచింది. రాగి సున్నా. గోరంత ఉంది. "ఇది చొక్కా జేబులో పెట్టుకు తిరిగేవారు. 'ఇది ఎక్కడ పెట్టాలో ఆ పిల్లే వచ్చి చెబుతుంది,' అనేవారు. ఇప్పుడు చెప్పు. ఎక్కడ పెట్టమంటావు?"

"మొదట ఎక్కడుందో అక్కడే అత్తయ్యా."

ఆవిడకి అర్థం కాలేదు.

"అది మొదట్నుంచీ సరిగ్గానే ఉంది. నేను చూశాను, కుదర్లేదు. కుదర్లేదని తెలిసే కుదిరిందని చెప్పాను. మీరు తప్పు వంచారన్న మాట కూడా అబద్ధమని తెలిసే అన్నాను."

బయట మేనల్లుడు ఎవరికో మంచం ఎటు పట్టుకోవాలో చెబుతున్నాడు. అత్తయ్య తన చేతులకేసి చూసుకుంది. పట్టకారు పట్టి పట్టి కాయలు కాసిన చేతులు.

"అయితే నా చెయ్యి తప్పలేదన్నమాట," అంది.

"తప్పలేదు అత్తయ్యా."

"ఆయన వేళ్ళూ తప్పలేదు."

"తప్పలేదు."

"ఈ మాట నువ్వు చెప్పాల్సింది నాకు కాదే," అంది. తిట్టలేదు. తిడితే కాళ్ళ మీద పడేదాన్ని. లేచి, వాడిగా ఉన్న కొసలు రెండూ దగ్గరికి తెచ్చి అతికింది. ఎనిమిదో అతుకు. పాత మొదలు దగ్గర మళ్ళీ కోసింది. అది ఎక్కడో ఆవిడ వెతుక్కోలేదు. సున్నాని పట్టకారుతో పట్టుకుని ఆ కొసకి ఆనించి మంట పెట్టింది. ఎర్రగా కాలి, మెల్లగా నల్లబడింది.

"సున్నాని ముట్టుకోకు, చల్లారనీ," అని నా చేతికిచ్చింది.

చల్లారేదాకా ఆగలేకపోయాను. కళ్ళు మూసుకుని కుడి చూపుడువేలు ఆ సున్నా దగ్గర పెట్టాను. మొదటి మడత. రెండో మడత. మూడోదాని దగ్గర ఎడమచెయ్యి ఊరికే గాలిలో అటు తిరిగింది. తీగ ఇంకా వేడిగానే ఉంది.